మడమ ఈడ్చే అమ్మవారు

కంకణగిరి రాజ్యపు తూర్పు పొలిమేర దాటితే ఇక నేల ఉండదు, మడ అడవి ఉంటుంది. అక్కడి చెట్లు వేళ్లను మట్టిలో దాచుకోవు. వేల కాళ్ల మీద నీళ్లలో నిలబడి, ఎటు పోదామా అని ఆలోచిస్తున్నట్టు కనిపిస్తాయి. కొమ్మల నిండా తెల్లకొంగలు. గాలి తోలినప్పుడల్లా అడవి మొత్తం మల్లెలు రాల్చినట్టు అవి లేస్తాయి, మళ్లీ పూసినట్టు వాలతాయి. పాయల్లో నీరు పచ్చగా, నున్నగా, పెట్టెలోంచి తీసిన పట్టుచీర మడత విప్పుకున్నట్టు సాగుతుంది. ఆ మడతల కింద మొసళ్లు కళ్లు తెరుచుకునే నిద్రపోతుంటాయి.

దొంగదారి అంటే చీకటిదారి అనుకుంటారు ఎరగనివాళ్లు. ఈ దారి నడిచేది మిట్టమధ్యాహ్నం. రేవు కోట బురుజు మీద కావలివాళ్లు కడుపునిండా తిని తలపాగాలు కళ్ల మీదికి లాక్కునే వేళ, ఎండ నీటిమీద పడి చూసేవాడి చూపు చెదరగొట్టే వేళ. సరిగ్గా ఆ వేళకే ఎండుచేపల పడవ ఒకటి పాయలోంచి బయటికి జారింది. పైన చేపలు. చేపల కింద తాటాకు చాపలు. చాపల కింద, ఒకరి మోకాళ్లు ఒకరి వీపులో గుచ్చుకునేట్టు, మనుషులు.

వాళ్ల మధ్య ముడుచుకు కూర్చున్న ముసలి నేతగాడి నెరిసిన జుట్టు వాడిది కాదు. అది తలపాగాకు కుట్టిన మేకవెంట్రుక. లోపలున్నవాడు ఎలమంద, నిండా పాతికేళ్లు రాని పగటివేషగాడు. ఊరూరా తిరిగి, రోజుకో వేషం కట్టి, జనాన్ని నవ్వించి ఏడిపించి పొట్టపోసుకునే ఇంట్లో పుట్టినవాడు. ఇప్పుడు, ముసలాణ్ణి ఎవరూ అనుమానించరని, వేషం కట్టింది పొట్టకోసం కాదు, చెల్లెలి కోసం.

కంకణగిరిలో వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. బతకడానికి సముద్రం అవతలికి పోదామంటే రాచబాట మీద ముద్ర అడుగుతారు. ముద్ర కావాలంటే పేరు మీద పొలం ఉండాలి. పొలం ఉన్నవాడు ఊరెందుకు వదులుతాడని మంత్రులెవరికీ తోచలేదు. అందుకే జనం దొంగదారి పట్టారు. అవతల పచ్చలదీవి ఉందనీ, అక్కడ దరిచేర్చే తల్లి అనే దేవత వెలిసి దిక్కులేనివాళ్లను పిలుస్తోందనీ, పని ఉంది, పూటపూటకీ వేడన్నం ఉందనీ దాటించేవాళ్లు సంతల్లో చెప్పి మనుషుల్ని పోగేసేవాళ్లు. పోయినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదేమని అడిగితే, "సుఖంగా ఉన్నోడు తిరిగెందుకొస్తాడు?" అని ఎదురడిగేవాళ్లు.

ఎలమంద వేషాల మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు చెల్లెలు అంకాలు అలా పడవెక్కింది. "అన్న ఒక్కడే ఆడి ఇద్దరం తినాలంటే ఎన్నాళ్లు? నేనూ నాలుగు గింజలు తెస్తా," అని పొరుగింట చెప్పి పోయిందట. ఆ కబురు విన్నరోజు నుంచి వాడికి ఒకటే పట్టుదల. అంకాలు ఏ దారిన పోయిందో ఆ దారినే పోయి, ఇంటికి తీసుకురావాలి.

"ఏంది తల్లీ ఈ కంపు! నేను చచ్చినా ఇంత కంపు కొట్టనేమో," అన్నాడు చాపల కింద కుమ్మరి సూరయ్య. పడవెక్కినప్పటి నుంచి ఆ ముసలాయన నోరు ఊరుకోలేదు.

"ముందు చావు మామా, కొడతావో లేదో మేం చెబుతాంగా," అంది పక్కనున్న సుంకులమ్మ. బుట్టలల్లే మనిషి. మాట గట్టిది, చెయ్యి అంతకన్నా గట్టిది. ఆమె మొగుడు ఈరన్న ఆమె భుజం మీద తల ఆనించి కునుకుతున్నాడు. "చూడు మా ఆయన్ని. మొసలి నోట్లో పెట్టినా నిద్రపోతాడు. తాతా, నీకు పెళ్లాం పిల్లలున్నారా?"

"ఎవరూ లేరమ్మాయ్," అన్నాడు ఎలమంద గొంతు వణికించి.

"అయితే నీకెందుకయ్యా పచ్చలదీవి? ఇక్కడే కృష్ణా రామా అనుకోక!"

"నోళ్లు మూస్తారా లేదా!" పైనుంచి ఒక కాలు చాపల మీద దబ్బున పడింది. పడవ నడిపే తండేలు నూకయ్య కాలు అది. "సరుకు మాట్లాడదు. తెలిసిందా?"

"సరుకంట!" అంది సుంకులమ్మ గొణుగుతూ. "పడవెక్కేముందు అక్కా, బావా అన్నాడు. నీళ్లు లోతయ్యేకొద్దీ వరస మారుతోంది వీడికి."

ఆమె మాట పూర్తికాకముందే కొమ్ము మోగింది. చాప సందులోంచి ఎలమంద చూశాడు. నురగలు చిమ్ముకుంటూ కంకణగిరి కావలిపడవ దూసుకొస్తోంది. దాని ముక్కున ఇత్తడి గండభేరుండం ఎండకు మండుతోంది. తెడ్లు నీటిని కోస్తుంటే దూరం చూస్తుండగానే కరిగిపోతోంది. నూకయ్య కంగారు పడలేదు. తాపీగా వంగి, చాపలు ఎత్తి, లోపలికి చూశాడు. కూరగాయలమ్మి దగ్గర వంకాయలు ఏరేవాడిలా ఒక్కొక్క మొహం చూశాడు. సూరయ్య దగ్గర ఆగాడు.

"లే తాతా. నీకు కాస్త గాలి కావాలన్నావుగా."

"నేనెప్పుడన్నానయ్యా?" అంటూ నవ్వబోయాడు సూరయ్య. ఆ నవ్వు మొహం మీద ఉండగానే నూకయ్య అతన్ని చంకల కింద చేతులేసి ఎత్తి, గంప దించినంత తేలిగ్గా, నీళ్లలోకి వదిలేశాడు.

జరిగింది కళ్లకు కనిపించింది గానీ బుద్ధికి అందలేదు. మునిగి తేలిన సూరయ్య, "అయ్యా, పడిపోయానయ్యా!" అని కేక పెట్టాడు. పడిపోయాననే అనుకున్నాడు పాపం. తోశారని అనుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

"కావలోళ్లు ఆగి వాణ్ణి ఎత్తుకునేలోగా మనం ముఖద్వారం దాటతాం," అన్నాడు నూకయ్య చేతులు దులుపుకుంటూ. "ప్రతి ఖేపుకీ ఒకడు కావాలి. మీరంతా ఆయన పేరు చెప్పుకుని బతకండి."

ఎలమంద చాపలు తన్నుకుని లేచాడు. తలపాగా ఊడబెరికి, ఒక కొస మణికట్టుకు చుట్టి, రెండో కొస నీళ్లలోకి విసిరాడు. సూరయ్య అందుకున్నాడు. ఎలమంద కాలు పడవ అంచుకు తన్నిపట్టి లాగుతున్నాడు. ముసలాయన గడ్డం, కళ్లు, ఆ కళ్లలో ఆశ్చర్యం, అన్నీ దగ్గరయ్యాయి. అప్పుడు నూకయ్య కత్తి గాలిలో మెరిసింది. తలపాగా తెగింది.

అప్పటికి కావలిపడవ ఆగింది. అవతల నుంచి పొరుగు రాజ్యపు కావలిపడవ కూడా వచ్చి ఆగింది. మునుగుతున్న మనిషి రెంటికీ మధ్యన ఉన్నాడు.

"మీ వైపు నీళ్లలో ఉన్నాడు. మీరే ఎత్తుకోండి," అన్నాడు కంకణగిరి కావలి నాయకుడు.

"మీ రాజ్యం మనిషి. ఎత్తితే రేపు మా రాజు మమ్మల్ని అడుగుతాడు," అన్నాడు అవతలి వాడు.

"ఏ రాజ్యం వాడివిరా ముసలాడా?" అని ఒకడు వంగి అడిగాడు. సూరయ్య నోట్లో నీళ్లు పోయాయి. జవాబు రాలేదు. జవాబు వచ్చేదాకా రెండు పడవలూ మర్యాదగా ఎదురుచూశాయి.

కాసేపటికి నీటి మడత సర్దుకుంది. రెండు పడవలూ రెండు వైపులకు తిరిగిపోయాయి.

ఎలమంద చేతిలో తెగిన గుడ్డముక్క మిగిలింది. నెత్తిన మేకవెంట్రుకలు లేవు, తలపాగాతో పాటు పోయాయి. నీటిజల్లుకు మొహాన పూసుకున్న ముడతల రంగు కారిపోయింది. నూకయ్య వాణ్ణి పైకీ కిందికీ చూసి పళ్లికిలించాడు.

"ఓరి నీ! ముసలాయనకు వయసు తగ్గిందే! మంచిదేలే, ముసలి సరుకు కన్నా వయసు సరుకంటే అక్కడ ముద్దు. కూర్చో. ఇంకోసారి లేచావంటే ఈ ఖేపుకి ఇద్దరవుతారు."

సుంకులమ్మ వాడి వంక నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె నోరు అలా మాటలేకుండా తెరుచుకోవడం పుట్టాక అదే మొదటిసారి కావచ్చు.

పడవ మడుగుల్లోంచి, సుడుల్లోంచి, కొనతేలిన రాళ్ల మధ్యలోంచి పరిగెత్తింది. సాయంత్రపు ఎండ పసుపెక్కేసరికి ఎదురుగా పచ్చలదీవి లేచింది. ఏం దీవి అది! అలల అంచున మొదలై మైళ్ల పొడవునా ఒడ్డు ఒడ్డంతా పచ్చగా, తళతళమని, ఎవరో దేవకన్య నగలపెట్టె బోర్లించినట్టు మెరుస్తోంది. నెమలి మెడలో ఉండే పచ్చ, లేత మావిడాకులో ఉండే పచ్చ, చిలక రెక్కలో ఉండే పచ్చ, అన్నీ ఆ ఇసుకలోనే కలిసి ఉన్నాయి. "నిజమేనయ్యో! పచ్చలే!" అన్నాడు నిద్ర లేచిన ఈరన్న.

సుంకులమ్మ అందరికన్నా ముందు దూకి దోసెడు ఎత్తింది. ఎత్తి, చూసి, అలాగే నిలబడిపోయింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది.

"పచ్చలు కాదబ్బాయ్," అంది ఎలమందతో. "గాజులు."

ఒడ్డు మొత్తం గాజుపెంకులు. ఆడవాళ్ల చేతుల పచ్చగాజులు. అలలకు అరిగినవి అడుగున, నిన్నమొన్నటివి పైన. మధ్యమధ్య తెగిన మొలతాళ్లు, కాలి మెట్టెలు, పసిపిల్లల దిష్టిపూసలు. నూకయ్య మనుషులు వరసగా వచ్చి దిగినవాళ్ల చేతులు పట్టుకుని రాళ్లకేసి కొడుతున్నారు. "ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ కారు. కొత్త జన్మ," అంటున్నారు, గాజులు చిట్లే చప్పుడు మధ్య. ఎలమంద కాళ్ల కింద కరకరమంది. అంకాలు గాజులు వీటిలో ఎక్కడున్నాయి? ఏ పొరలో ఉన్నాయి? వాడు వెతకడానికి వంగాడు. వెనకనుంచి తోశారు.

గట్టెక్కితే మెట్లు. మెట్ల పక్కన, కనుచూపు మేర, నీలిమందు తొట్లు. ఒక్కొక్క తొట్టిలో నడుం పట్టుకుని వరసలు కట్టిన మనుషులు నీలి ఆకు తొక్కుతున్నారు. మోకాళ్లదాకా నీలం. గోళ్లు నీలం. ఒంటిమీద వాలిన ఈగను తోలుకునేవాడు లేడు. అక్కడ సంకెళ్లు లేవు, కొరడాలు లేవు, గోడ కూడా లేదు. ఎవరైనా దిగి ఒడ్డుకు నడిచిపోవచ్చు. ఎవరూ పోవడం లేదు. పైగా అందరి పెదాల మీదా, చంటిబిడ్డ నిద్రలో నవ్వినట్టు, ఒకే నవ్వు.

సంకెళ్లుంటే తెంపే ఉపాయం వెతకొచ్చు. ఈ నవ్వును ఏం తెంపుతాడు?

మెట్ల పైన, విరిగిన పడవల చెక్కలతో చేసిన సింహాసనం మీద నీలజంఘుడు కూర్చుని ఉన్నాడు. ఈ దీవికి వాడే రాజు, వాడే మాంత్రికుడు. జడలు కట్టిన జుట్టు, మెడలో గవ్వలు, మోకాళ్ల కింద చెరగని నీలం. ఒకప్పుడు వాడూ ఎవరిదో తొట్టి తొక్కినవాడే. పక్కన మూడు రాళ్ల మీద పొగలు కక్కుతూ ఒక పెద్ద రాగికుండ. అందులోది మరపుతీర్థం.

"రండి రండి, అలిసిపోయారు," అన్నాడు నీలజంఘుడు, పెళ్లివారిని పిలిచినంత ఆదరంగా. "నీళ్లలో ఏవేవో చూసి ఉంటారు. భయపడకండి. తల్లి వస్తోంది. ఆమె చేతి తీర్థం తాగితే భయం ఉండదు."

డప్పు మోగింది. కొండగుహలోంచి దరిచేర్చే తల్లి బయటికి వచ్చింది. మొహాన పసుపు, నుదుట కాసంత కుంకుమ, తలమీద వేపమండల కిరీటం, చేతిలో వెదురు ముంత. దిగినవాళ్లలో సగంమంది ఆమెను చూడగానే ఏడుస్తూ మోకాళ్ల మీద కూలారు. సూరయ్య మునగడం చూసిన కళ్లకు ఏదో ఒక తల్లి కావాలి మరి.

ఎలమంద కూలలేదు. వాడు ఆమె కాళ్లు చూస్తున్నాడు.

అమ్మవారు కుడి పాదం నిండుగా వేస్తోంది. ఎడమ మడమ మాత్రం నేలమీద రవంత ఈడుస్తోంది. అడుగు వేసి, ఈడ్చి, అడుగు వేసి, ఈడ్చి.

లోకంలో ఎన్ని మేళాలు అమ్మవారి వేషం కట్టినా, ఏ అమ్మవారూ కుంటదు. ఒక్క ఎలమంద ఇంటి అమ్మవారే కుంటుతుంది. ఎందుకంటే ఆ వేషం కట్టింది వాళ్ల నాన్న, ఆయన ఎడమకాలు ఎద్దు తొక్కి చితికింది. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలిద్దరూ అమ్మవారి నడకే అంత అనుకున్నారు. ఇంటి వెనక చేట నెత్తిన పెట్టుకుని, మడమ ఈడ్చుకుంటూ నడిచే చిట్టి అంకాలును చూసి నాన్న కడుపు పట్టుకు నవ్వేవాడు. తప్పు దిద్దలేదు. ఆయన పోయాక ఆ నడక తెలిసిన మనుషులు భూమ్మీద ఇద్దరే మిగిలారు. ఒకడు ఈ వరసలో నిలబడ్డాడు.

అంకాలు! దిక్కులేనివాళ్లకు ఈ పాడు తీర్థం పోసేది అంకాలు!

"బాగా చేస్తుంది కదూ?" నీలజంఘుడు పక్కనున్న నూకయ్యతో అనడం వినబడింది. "తీర్థం తాగాక తన పేరేదో చెప్పలేకపోయింది. ఒంట్లో మాత్రం అమ్మవారు ఎట్లాగో మిగిలిపోయింది. నడవమంటే నడుస్తుంది. ఇదివరకు తల్లి ఉత్తమాట, కట్టేసి తాగించేవాళ్లం. ఇది వచ్చాక నాకు తాళ్లతో పని లేదు."

వరస కదిలింది. ఈరన్న ముందున్నాడు. ముంత అందుకుని గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు. వెనకే ఉన్న సుంకులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఎట్టా ఉందయ్యా? చేదా?"

ఈరన్న ఆమె వంక మర్యాదగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఏం ఎకసెక్కాలయ్యా ఇప్పుడు!"

"నాతోనేనా మాట్లాడేది?" అన్నాడు ఈరన్న, చంటిబిడ్డలా నవ్వుతూ.

సుంకులమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆమె అరిచే లోపల ఎలమంద ఆమెను పక్కకు నెట్టి తాను ముందుకు వచ్చాడు. అంకాలు ముంత నింపి వాడి మొహానికి మూరెడు దూరంలో నిలబడింది. పసుపు కింద అదే ముక్కు, అదే గడ్డం మీద చిన్నప్పటి గాటు. కళ్లు మాత్రం వాడి మీదినుంచి, గోడను చూసినట్టు చూసి పోయాయి.

"తాగు బిడ్డా. దరి చేరావు," అంది.

వాడి నోటిదాకా పేరు వచ్చింది. పేరు చెబితే ఏం లాభం? పేరు ఆమెకు లేదు. ఆమెకు మిగిలింది ఆట ఒక్కటే. ఆటతోనే పిలవాలి.

ఎలమంద పక్కన పడి ఉన్న పడవ మోకు అందుకున్నాడు. చొక్కా విప్పి పారేశాడు. మోకు నెత్తిచుట్టూ తిప్పి తన వీపు మీదే ఛెళ్లున కొట్టుకుని, పొలిమేర అదిరేట్టు గంతేశాడు. వాళ్ల నాన్న అమ్మవారైతే ఎప్పుడూ వాడే పోతరాజు. అమ్మవారి తమ్ముడు, ఊరి కావలి.

"ఎవర్రా నా పొలిమేరలో నిలబడింది అని అడగవే తల్లీ!" అని అరిచాడు. "నీ తోడబుట్టినోణ్ణే! నీకు ఆకలైతే నా నోరెండింది. నీకు కోపమొస్తే నా వీపు చీలింది. అందరికీ పోశావు, నాకేదే!"

ముంత పట్టుకున్న చెయ్యి ఆగింది. డప్పువాడు అలవాటున దరువు మార్చాడు. అంకాలు కళ్లలో ఏమీ మెరవలేదు. కానీ ఎడమ మడమ నేలమీద టకటకా కొట్టుకోవడం మొదలైంది. అటునుంచి అది మోకాళ్లకు, నడుముకు, మెడకు పాకింది.

"పట్టుకోండి వాణ్ణి!" అని లేచాడు నీలజంఘుడు.

ఆలస్యమైంది. వాళ్ల ఆటలో ఆ మాట పడిందంటే అమ్మవారు చేసేది ఒక్కటే, అది ఏ ఊళ్లోనూ తప్పలేదు. "నా తమ్ముడికి పెట్టని కుండ నాకెందుకురా!" అని గర్జించి, కుంటికాలితో ఎగిరి అంకాలు రాగికుండను తన్నింది. కుండ మూడు రాళ్లమీది నుంచి బోర్లా పడింది. మరపుతీర్థం పొగలు చిమ్ముకుంటూ మెట్లన్నీ పారి, అడ్డొచ్చిన నూకయ్య కాళ్లు కాల్చి, గాజుపెంకుల్లోకి ఇంకిపోయింది. దిగినవాళ్లంతా కకావికలై పరిగెత్తారు.

ఆటలో తరవాతిది పోతరాజు అక్కను భుజాన ఎక్కించుకోవడం. ఎలమంద వంగాడు. ఆమె ఏమీ అడక్కుండా ఎక్కింది. వాడు మెట్లమీది నుంచి దూకాడు.

"సుంకులమ్మక్కా, దోనె! ఆ రాయికి కట్టిన దోనె!"

"వస్తున్నా!" సుంకులమ్మ మొగుడి రెక్క పట్టుకుని ఈడ్చుకొస్తోంది. "నడువు నా తండ్రీ!"

"ఎక్కడికమ్మా?"

"నేనెవరో తెలవకపోతే మానె! చెప్పిన మాట వినడం తెలుసుగా? దోనె ఎక్కు!"

ఈరన్న బుద్ధిగా ఎక్కాడు. సుంకులమ్మ నిలువునా నివ్వెరపోయింది. "ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పిన మాట విన్నాడయ్యా, అదీ నేనెవరో మర్చిపోయాక," అంది. నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే గడకర్ర అందుకుంది.

దోనె ఒడ్డు వదిలిందో లేదో పైనుంచి శంఖం ఊదారు. "నా బిడ్డలారా! వాళ్లను పట్టుకోండి!" నీలజంఘుడి గొంతు దీవి అంతా దొర్లింది.

తొట్లలో తొక్కుడు ఆగింది. నీలికాళ్ల మనుషులు వందలు వందలుగా దిగి, గాజుపెంకుల మీద చెప్పుల్లేని పాదాలతో, అదే నవ్వుతో, సముద్రంలోకి నడిచారు. పరుగు లేదు, కోపం లేదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, గుండెలకు వచ్చాయి. వాళ్లు నడుస్తూనే ఉన్నారు. ముందు వరసలో ఒక పొట్టి మనిషి నోటిదాకా నీళ్లు వచ్చినా ఆగలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు.

"మునిగిపోతార్రా అబ్బాయ్! అందరూ మునిగిపోతారు!" అని జుట్టు పట్టుకుంది సుంకులమ్మ.

ఎలమంద అంకాలు రెండు భుజాలూ పట్టుకుని లేపి నిలబెట్టాడు. "ఆట ముగించు తల్లీ! జనాన్ని పంపించు! పంపించే మాట చెప్పు!"

అంకాలు ఊగే దోనెలో కుంటికాలు ఆనించి నిలబడింది. వేపకిరీటం సర్దుకుంది. ఆట చివర ఊరి జనాన్ని సాగనంపే మాట, నాన్న గొంతులో ఉన్నట్టే ఉన్న మాట, నీళ్ల మీదుగా గంటలా మోగింది.

"చాలు బిడ్డలారా! పొద్దు వాలింది. మీ మీ ఇళ్లకు పోండి!"

వందల తలలు ఒక్కసారి ఆగాయి. అమ్మవారు చెప్పింది, పోవాలి. పొట్టిమనిషి వెనక్కి ఒక అడుగు వేశాడు. తూర్పుకు తిరిగాడు. ఆగి, పడమటికి తిరిగాడు. పక్కవాడు దక్షిణానికి తిరిగి, మళ్లీ తిరిగాడు. గుండెలోతు నీళ్లలో ఆ జనమంతా ఎవరి చుట్టూ వాళ్లు మెల్లగా తిరుగుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. మొదటిసారిగా ఆ పెదాల మీది నవ్వు చెరిగింది.

సుంకులమ్మ గడకర్ర వేయడం మర్చిపోయింది. దోనె అలకు దానంతట అదే మడ అడవి దిక్కుకు జారుతోంది. ఎక్కడో తెడ్లు దింపుతున్న చప్పుడు, నూకయ్య బూతులు, మళ్లీ శంఖం.

అంకాలు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు ఆ తిరుగుతున్న జనాన్ని చూసింది. తరవాత ఎలమంద వీపు మీది మోకు దెబ్బను వేలితో తాకి, అమ్మవారి గొంతు కాకుండా, ఊళ్లో బావి దగ్గర మాట్లాడే ఆడపిల్ల గొంతుతో అడిగింది.

"అవునయ్యా, ఇల్లంటే ఏంది?"